ఇంటింటి ఆరోగ్యం: కరోనా ముల్లు, కణం తలుపు



కరోనా పేరు చెబితే ఇప్పుడు ఎవరూ ఉలిక్కిపడరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. పొలం పనులు, పెళ్ళిళ్ళు, ప్రయాణాలు, ఆదివారపు కూడికలు అన్నీ యథావిధిగా సాగుతున్నాయి. అయినా పల్లెల్లో నలుగురు కూర్చున్నచోట మూడు మాటలు ఇంకా వినబడుతూనే ఉన్నాయి. "రెండు సూదులు వేయించుకున్నా వచ్చింది కదా, ఇక ఆ టీకా దేనికి?" అన్నది మొదటిది. "పక్కింటాయనకు జలుబులాగా వచ్చి పోయింది, మా నాన్న ప్రాణం ఎందుకు తీసింది?" అన్నది రెండవది. మూడవదాన్ని చాలామంది పైకి అనరు, మనసులో పెట్టుకొని కుమిలిపోతారు. "నేనే ఇంటికి తెచ్చానేమో" అన్నదే ఆ మాట.

ఈ మూడు ప్రశ్నలకూ జవాబు వెతుక్కుంటూ వెళితే ఒక్కచోటికే చేరుకుంటాం. వైరస్ ఒంటిమీద ఉండే ముల్లు, మన కణం గడపమీద ఉండే పిడి, ఆ రెండూ కలిసినప్పుడు మన శరీరంలో మొదలయ్యే పోరాటం. ఈ మాసం వాటిని గురించి వివరంగా తెలుసుకొందాం. కాస్త ఓపికగా చదవండి. ఇంట్లో చదువురాని పెద్దలుంటే వారికి చదివి వినిపించండి.

ఈ పేరు ఎలా వచ్చింది?

కరోనా వైరస్‌లు 2019లో కొత్తగా పుట్టినవి కావు. కోళ్ళకు వచ్చే ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే జబ్బు ఈ జాతి వైరస్ వల్ల వచ్చేదే. అది 1930ల నుండి తెలుసు. మనుషులకు మామూలు జలుబు తెచ్చే కరోనా వైరస్‌లే నాలుగు రకాలున్నాయి. మనలో చాలామందిమి చిన్నతనంలోనే వాటి బారిన పడి, ఏదో పడిశం పట్టిందనుకొని మరచిపోయి ఉంటాం.

వీటి రూపాన్ని మొదట స్పష్టంగా చూసినవారిలో జూన్ అల్మెయిదా అనే స్త్రీ ఒకరు. ఆమె 1930లో స్కాట్లండులోని గ్లాస్గో పట్టణంలో పుట్టారు. తండ్రి బస్సు డ్రైవరు. పై చదువులకు స్తోమత లేక 16వ ఏటనే బడి మాని, ఆస్పత్రి ప్రయోగశాలలో పనికి కుదిరారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో వైరస్‌లను ఫొటో తీయడంలో ఆమెను మించినవారు లేరనిపించుకున్నారు. 1960లలో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో పనిచేస్తున్నప్పుడు, జలుబు రోగి నుండి తీసిన నమూనాలో గుండ్రటి రేణువులను, వాటి చుట్టూ అంచున ముళ్ళవంటి వాటిని చూశారు. అంతకుముందు జంతువుల వైరస్‌ను గురించి ఇటువంటి ఫొటోలే పంపితే, అవి ఫ్లూ వైరస్‌కు సరిగా రాని బొమ్మలని చెప్పి ఒక పత్రికవారు తిప్పి పంపారు. చివరకు ఆమె చూసినదే నిజమని తేలింది. లాటిన్ భాషలో కిరీటాన్ని కరోనా అంటారు. చుట్టూ కిరీటంలా ముళ్ళు ఉన్నాయి కాబట్టి 1968లో ఈ జాతికి కరోనా వైరస్‌లని పేరు పెట్టారు.

ఆ ముల్లు ఎలా ఉంటుంది?

వైరస్ ఎంత చిన్నదో ముందు ఊహించుకోండి. పదివేల వైరస్‌లను పక్కపక్కన వరుసగా పేర్చితే ఒక మిల్లీమీటరు అవుతుంది. అంటే బియ్యపుగింజ మందం కూడా నిండదు. అంత చిన్నదాని లోపల వారసత్వ సందేశం రాసిన పోగు ఒకటి ఉంటుంది. దాన్ని ఆర్.ఎన్.ఏ. అంటారు. అందులో సుమారు 30,000 అక్షరాలున్నాయి. దానిపైన కొవ్వుతో చేసిన పలుచని పొర. సబ్బు పెడితే జిడ్డు ఎలా విడిపోతుందో ఈ పొరా అలాగే విడిపోతుంది. చేతులు సబ్బుతో కడుక్కోమని అన్నిసార్లు చెప్పడానికి కారణం అదే.

ఆ పొరలోనుండి బయటికి పొడుచుకొని వచ్చినవే ముళ్ళు. ఒక్కొక్క వైరస్ మీద సుమారు రెండు డజన్ల ముళ్ళుంటాయి. ముల్లంటే తుమ్మముల్లులా గట్టిగా, సూదిగా ఉంటుందనుకోకండి. అది ప్రోటీన్‌తో చేసినది. కందిపప్పులో, గుడ్డులో ఉండే మాంసకృత్తుల జాతిదే. మూడు పేటలు కలిపి అల్లిన జడలాగా మూడు ఒకేరకం ప్రోటీన్ గొలుసులు పెనవేసుకొని ఒక ముల్లవుతుంది. ఒక్కొక్క గొలుసులో 1,273 పూసలుంటాయి. కాడ సన్నగా, తల లావుగా ఉంటుంది. కాడకు మూడుచోట్ల కీళ్ళున్నాయి. 2020లో వీటిని పరిశీలించిన జర్మనీ శాస్త్రజ్ఞులు వాటిని తుంటి, మోకాలు, చీలమండ అని పిలిచారు. ఆ కీళ్ళవల్ల ముల్లు అన్నివైపులకూ ఊగుతూ, పట్టు దొరికే చోటు వెతుక్కుంటుంది.

మరొక సంగతి. ఈ ముల్లు నిండా చక్కెర జాతి పదార్థపు నూగు కప్పుకొని ఉంటుంది. ఒక్క ముల్లుమీద ఆ నూగు అతుక్కొనే స్థానాలు 66 ఉన్నాయి. ఆ నూగు మన కణంలోనే తయారైనది కాబట్టి మన శరీరపు కాపలాదారులకు అది పరాయిదిగా కనిపించదు. మంద మధ్య గొంగళి కప్పుకొని కూర్చున్నవాడిని చీకట్లో పోల్చుకోలేనట్లే ఇదీ. కాని కణాన్ని పట్టుకోవాలంటే మాత్రం తల కొసను ఆ గొంగళిలోనుండి పైకెత్తక తప్పదు. ఈ మాట గుర్తుంచుకోండి. మన శరీరానికి వైరస్ దొరికిపోయేది ఎక్కువగా అక్కడే.

కణం గడపమీద ఏముంది?

మన కణాలమీద ఏస్-2 అనే ప్రోటీన్ ఒకటి ఉంటుంది. అది వైరస్ కోసం పెట్టినది కాదు. రక్తనాళాలను బిగించే ఒక పదార్థాన్ని తగ్గించి, రక్తపోటు మరీ పెరగకుండా చూడడం దాని పని. ముక్కు లోపలి పొరలో, ఊపిరితిత్తుల గాలి సంచులలో, పేగులలో, గుండెలో, మూత్రపిండాలలో ఏస్-2 ఉంటుంది. 2003లో సార్స్ జబ్బు వచ్చినప్పుడు ఆ వైరస్ దీనినే పట్టుకొని లోపలికి దూరుతున్నదని అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. 2020లో వచ్చిన కరోనా కూడా అదే దారి పట్టింది. ఇంటివాళ్ళ సౌకర్యానికి పెట్టుకున్న తలుపు పిడిని దొంగ వాడుకున్నట్లయింది.

ముల్లు తలలోని మూడు భాగాలు మామూలుగా ముడుచుకొని ఉంటాయి. వాటిలో ఒకటి పైకి లేచినప్పుడు దాని కొస ఏస్-2కు సరిగ్గా అమరుతుంది, తాళంలో తాళంచెవి దిగినట్లు. అయితే పట్టుకున్నంతమాత్రాన లోపలికి పోలేదు. తాళం తిప్పేవారుండాలి. మన కణం మీదే ఉండే మరొక ప్రోటీన్ కత్తెరలా ముల్లును ఒకచోట కోస్తుంది. ఆ కోతతో ముల్లులో దాగిన కొస ఒకటి గేలంలా బయటికి విసురుకొని వచ్చి కణం పొరలో గుచ్చుకుంటుంది. తరువాత అది మడతపడి ముడుచుకుంటూ వైరస్ పొరను, కణం పొరను దగ్గరికి లాగుతుంది. రెండూ కొవ్వు పొరలే కాబట్టి రెండు నూనె చుక్కలు ఒకటైనట్లు కలిసిపోతాయి. ఆ సందులోనుండి ఆర్.ఎన్.ఏ. పోగు లోపలికి జారుతుంది. కణం అది తన యజమాని రాసిన చీటీయే అనుకొని, అందులో రాసిన ప్రకారం వైరస్ భాగాలను తయారుచేయడం మొదలుపెడుతుంది. కొద్ది గంటల్లోనే కొత్త వైరస్‌లు బయలుదేరుతాయి.

కరోనా వచ్చిన చాలామందికి వాసన తెలియకపోవడం గుర్తుండే ఉంటుంది. ముక్కులో వాసన పట్టే నరాల కణాలమీద ఏస్-2 దాదాపు లేదు. కాని వాటిని అంటిపెట్టుకొని పోషించే కణాలమీద ఉంది. పోషించేవి దెబ్బతినేసరికి నరాలు పనిచేయలేకపోయాయి. ఆ కణాలు మళ్ళీ పుట్టుకొచ్చాక చాలామందికి వాసన తిరిగి వచ్చింది.

ఇక్కడే రక్తపోటు మాత్రల గురించి ఒక మాట. ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మాత్రలు వాడితే ఏస్-2 పెరిగి కరోనా ముదురుతుందని 2020లో భయం పుట్టింది. కొందరు మాత్రలు మానేశారు. ఆ భయానికి ఆధారం లేదని తరువాత జరిగిన పరీక్షలలో తేలింది. మానినవారికి ఏ మేలూ కలగలేదు. డాక్టరు చెప్పకుండా బి.పి. మాత్రలు ఎప్పుడూ ఆపకండి.

ఒంట్లో జరిగే పోరాటం

దొంగ ఇంట్లో దూరగానే మొదట కేకవేసేది ఆ ఇంటివారే. వైరస్ దూరిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. అది పొరుగు కణాలకు హెచ్చరిక. అది అందగానే పొరుగు కణాలు తలుపులు బిగించుకుంటాయి. జ్వరం, ఒళ్ళునొప్పులు, నీరసం చాలావరకు ఈ హెచ్చరికలవల్ల కలిగేవే. అయితే ఈ వైరస్ దగ్గర ఆ కేకను నొక్కిపెట్టే ఉపాయాలున్నాయి. అందుచేత కొందరిలో మొదటి రోజుల్లో ఏ లక్షణమూ కనిపించకుండానే వైరస్ పెరిగిపోతుంది.

రెండవ వరుస పోరాటం కొంత ఆలస్యంగా మొదలవుతుంది. కాపలా కణాలు వైరస్ ముక్కలను ఏరుకొని మెడలోను, చంకల్లోను ఉండే గ్రంథులకు తీసికొని పోతాయి. అక్కడ లక్షలాది రక్షణ కణాలు, ఒక్కొక్కటి ఒక్కొక్క ఆకారాన్ని గుర్తుపట్టేవి, సిద్ధంగా ఉంటాయి. వాటిలో కరోనా ముల్లుకు అమరేది ఏదో ఒకటి దొరుకుతుంది. అది ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరిగి ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. డాక్టర్లు యాంటీబాడీలు అనేవి ఇవే. పూర్తిగా ఎదిగిన ఒక్కొక్క కణం సెకనుకు వేలకొద్దీ ప్రతిరక్షకాలను వదలగలదు. ఇవి ముల్లు తల కొసకు అంటుకుంటే తాళంచెవికి మైనం పూసినట్లే. ఇక అది తాళంలో దిగదు. కొత్త జబ్బయితే ఈ సేన సిద్ధం కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది.

ప్రతిరక్షకాలు కణం బయట ఉన్న వైరస్‌నే పట్టగలవు. లోపలికి దూరినదాని సంగతి చూసేవి టి-కణాలు. వైరస్ చేతిలో చిక్కిన కణం తన లోపల తయారవుతున్న పరాయి ప్రోటీన్ తునకలను గడపమీద పెట్టి చూపిస్తుంది. టి-కణం వాటిని గుర్తించి, ఆ కణాన్నే నాశనం చేస్తుంది. ముల్లు తునకలే కాక వైరస్ లోపలి భాగాల తునకలు కూడా దానికి గుర్తులే. యుద్ధం ముగిశాక కొన్ని కణాలు జ్ఞాపకం పెట్టుకొని మిగిలిపోతాయి. 2003లో సార్స్ వచ్చి తగ్గినవారిని సింగపూరులో పరీక్షిస్తే, 17 ఏళ్ళ తరువాత కూడా ఆ వైరస్‌ను గుర్తుపట్టే టి-కణాలు వారిలో ఉన్నాయి.

ఒకరికి జలుబు, ఒకరికి ప్రాణాపాయం

ఒకే ఇంట్లో ఒకే వారంలో సోకినా అందరికీ ఒకేలా జరగలేదు. వయసు పెరిగేకొద్దీ కొత్త శత్రువును గుర్తించే కణాలు తగ్గుతాయి. చక్కెర వ్యాధి, ఊబకాయం, మూత్రపిండాల జబ్బు ఉంటే పోరాటం అదుపు తప్పే అవకాశం ఎక్కువ. ఇవి కాక పైకి కనిపించని కారణాలు కూడా ఉన్నాయి. 2020లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్-లారెంట్ కాసనోవా బృందం, ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మంది రోగుల రక్తాన్ని పరీక్షించింది. వారిలో 101 మందికి వారి ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకొనే ప్రతిరక్షకాలున్నాయి. ఆ 101 మందిలో 95 మంది పురుషులే. అంటే కేకవేసే గొంతును వారి శరీరమే తెలియకుండా నొక్కివేసింది. ఆ లోపం ఉన్నట్లు వారికి గాని, ఇంటివారికి గాని తెలిసే దారి లేదు. ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషి పది రోజుల్లో ఎలా పోయాడని ఈనాటికీ అడుగుతున్న కుటుంబాలు ఈ సంగతి తెలిసికోవాలి. సరిగా చూడకపోవడం వల్లనో, తిండి లోపం వల్లనో అయి ఉంటుందని ఇంటివారిని నిందించడం తగదు.

కొందరిలో వైరస్ తగ్గుముఖం పట్టిన తరువాత కూడా పోరాటం ఆగలేదు. మంట ఆర్పడానికి వచ్చినవారే ఇల్లు పీకి పందిరి వేసినట్లు, రక్షణ కణాలు వదిలిన పదార్థాలు ఊపిరితిత్తులనే దెబ్బతీశాయి. అటువంటి దశలో పనిచేసిన మందు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. ఇంగ్లండులో జరిగిన రికవరీ అనే పెద్ద పరీక్ష ఫలితం 2020 జూన్ 16న వెల్లడైంది. వెంటిలేటరుమీద ఉన్నవారిలో మరణాలు మూడోవంతు తగ్గాయి. ఆక్సిజన్ పెట్టినవారిలో అయిదోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం ఏ మేలూ జరగలేదు.

ఈ చివరి మాట మన పల్లెలకు చాలా ముఖ్యం. స్టెరాయిడ్ రక్షణ సేనను అణచివేసే మందు. పోరాటం అదుపు తప్పినప్పుడు అది ప్రాణం నిలుపుతుంది. మొదటి రోజునే, జ్వరం తగలగానే ఇస్తే మన సైనికుల చేతులే కట్టివేసినట్లవుతుంది. రక్తంలో చక్కెర కూడా పెరుగుతుంది. 2021 రెండవ ఉధృతిలో ఎంతోమందికి డాక్టరు చీటీ లేకుండానే ఈ మాత్రలు, సూదులు పడ్డాయి. ఆ మే నెలలో దేశమంతటా బ్లాక్ ఫంగస్ విజృంభించడానికి అదుపులేని చక్కెర, మితిమీరిన స్టెరాయిడ్లు ముఖ్య కారణాలని వైద్యులు తేల్చారు. కళ్ళు, దవడ ఎముకలు పోగొట్టుకున్నవారున్నారు. కరోనాకే కాదు, ఏ జ్వరానికైనా "త్వరగా తగ్గే సూది" అని ఎవరైనా అంటే అది ఏమి మందో అడగండి. అడగడం మన హక్కు.

టీకా చేసే పని ఏమిటి?

టీకా ముల్లు ఆకారాన్ని మన రక్షణ కణాలకు ముందుగానే చూపిస్తుంది. పోలీసు స్టేషనులో దొంగ ఫొటో పెట్టినట్లు. ఫొటో దొంగతనం చేయదు, దాన్ని చూసి దొంగను పోల్చుకోవచ్చు. మన రాష్ట్రాలలో వేసిన టీకాలు ఈ పనిని మూడు రకాలుగా చేశాయి. కోవాగ్జిన్‌ను హైదరాబాదులోని భారత్ బయోటెక్, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థతో కలిసి తయారుచేసింది. అందులో రసాయనంతో చంపిన పూర్తి వైరస్ ఉంటుంది. కోవిషీల్డ్‌లో మరొక హాని లేని వైరస్ ముల్లు తయారీ సందేశాన్ని మోసుకొని వస్తుంది. కొద్దికాలం మన కణాలు ఆ ముల్లును తయారుచేసి కాపలాదారులకు చూపుతాయి. 2022 మార్చి 16 నుండి 12-14 ఏళ్ళ పిల్లలకు వేసిన కోర్బెవాక్స్‌ను హైదరాబాదులోని బయొలాజికల్ ఇ. సంస్థ తయారుచేసింది. అందులో ముల్లు తల కొస ఒక్కటే ఉంటుంది. ఆ ముక్కను ఈస్టు కణాలలో పెంచి తీస్తారు.

టీకా మన వంశపారంపర్య లక్షణాలను మారుస్తుందన్నది నిజం కాదు. అలాగని టీకాలకు దుష్ఫలితాలే లేవని కూడా మేము చెప్పము. కోవిషీల్డ్ రకం టీకా తరువాత చాలా అరుదుగా కొందరికి రక్తం గడ్డకట్టే ప్రమాదకర సమస్య వచ్చింది. ఆ సంగతిని వైద్యులు 2021లోనే గుర్తించి ప్రకటించారు. జబ్బువల్ల పోయిన ప్రాణాలతో పోలిస్తే ఆ సంఖ్య బహు స్వల్పం.

మరి టీకా వేయించుకున్నా ఎందుకు వచ్చింది? దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ప్రతిరక్షకాలు నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి. చేతిలో వేసిన టీకా రక్తంలో బాగా రక్షణ కలిగిస్తుంది కాని, వైరస్ మొదట దిగే ముక్కు పొరలో అంతగా కలిగించదు. అందుచేత వైరస్ ముక్కులో కొద్దిరోజులు పెరగగలదు. రెండు, వైరస్ తన ముల్లును మార్చుకుంటూ పోయింది. 2020 చివర మన దేశంలో మొదట గుర్తించిన డెల్టా రకం ముల్లు కోతపడే చోటు దగ్గర మారింది. 2021 నవంబరులో ఆఫ్రికా దక్షిణ ప్రాంతం నుండి బయటపడిన ఒమిక్రాన్ ముల్లులో 30కి పైగా మార్పులున్నాయి. పాత ప్రతిరక్షకాలకు ఆ కొత్త ముఖం సరిగా ఆనలేదు.

కాని టి-కణాలు ముఖం చూసి పోల్చుకొనేవి కావు. వైరస్‌ను తునకలు తునకలుగా గుర్తుపెట్టుకున్నవి. మార్పులెన్ని వచ్చినా చాలా తునకలు పాతవే. అందుకే టీకా వేయించుకున్నవారికి వైరస్ సోకినా, ఊపిరితిత్తుల దాకా పోయి ప్రాణం తీయడం బాగా తగ్గింది. గొడుగు పట్టుకున్నా వానలో కాళ్ళు తడుస్తాయి. అంతమాత్రాన గొడుగు దండగ అనము కదా.

"నేనే తెచ్చానేమో"

ఇప్పుడు మూడవ మాట. పట్నంలో పని చూసుకొని వచ్చిన కొడుకు, సంతకు వెళ్ళివచ్చిన తల్లి, ఆస్పత్రిలో పనిచేసే కోడలు - ఇలా ఎవరో ఒకరిమీద ఇంట్లో నింద నిలిచిపోయింది. కొన్ని కుటుంబాలలో అన్నదమ్ముల మధ్య మాటలు కూడా లేవు.

పైన చెప్పినదానిని ఒకసారి గుర్తుచేసికోండి. వైరస్ ముక్కు పొరలో పట్టు సంపాదించి, హెచ్చరిక కేకను నొక్కిపెట్టి పెరుగుతుంది. లక్షణాలు కనిపించడానికి సుమారు రెండు రోజుల ముందు నుండే అది ఇతరులకు సోకగలదు. అసలు లక్షణాలే లేనివారి నుండి కూడా సోకింది. మాట్లాడినా, పాడినా, నవ్వినా వెలువడే సన్నని తుంపరలలో అది ఉంటుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ అనే జిల్లా ఉంది. 2020 మార్చి 10న అక్కడ 61 మంది గాయకులు ఒక గదిలో చేరి రెండున్నర గంటలపాటు పాటలు సాధన చేశారు. ఒకరికి మాత్రం జలుబులాగా ఉంది. ఆ కూడికతో మొత్తం 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. వారు చేతులు శుభ్రం చేసుకున్నవారే, కరచాలనం కూడా మానినవారే. గాలి ఆడని గదిలో కలిసి పాడితే ఇంత జరుగుతుందని ఆనాటికి ప్రపంచంలో ఎవరికీ సరిగా తెలియదు.

తెలియని దానికి నింద మోయనక్కరలేదు. ఎవరినుండి ఎవరికి సోకిందో ఇంట్లో కూర్చొని తేల్చడం సాధ్యం కాదు. మొదట దగ్గినవాడే మొదట సోకినవాడని కూడా చెప్పలేము. ఒకరికి రెండు రోజులకే లక్షణాలు వస్తే, మరొకరికి పది రోజులు పట్టింది. ఈ నిందవల్ల మాటలు ఆగిపోయిన ఇళ్ళు మీ చుట్టుపక్కల ఉంటే ఈ సంగతి వారికి చెప్పండి. కుమిలిపోతున్నవారి పక్కన కూర్చొని చెప్పండి.

పిల్లల టీకాల మాట

కరోనా టీకాపై పుట్టిన అనుమానం ఇప్పుడు చంటిపిల్లల టీకాల మీదికి పాకుతున్నది. అది మాకు ఎక్కువ భయం కలిగిస్తున్నది. "దానితో ఆగలేదు, దీనితో మాత్రం ఆగుతుందా?" అంటున్నారు. ఆగుతుంది. తట్టు తెచ్చే వైరస్ ఒంటిమీద కూడా కణాన్ని పట్టుకొనే ప్రోటీన్ ఉంది. కాని అది కరోనా ముల్లులాగా ముఖం మార్చుకోలేదు. మార్చుకుంటే దాని పట్టే పోతుంది. అంతేకాక తట్టు వైరస్ ఒంట్లో ప్రవేశించి జ్వరంగా బయటపడడానికి పది రోజులకు పైగా పడుతుంది. జ్ఞాపకం ఉన్న కణాలు మేల్కొని సేనను సిద్ధం చేయడానికి ఆ వ్యవధి చాలు. అందుకే రెండు మోతాదులు సరిగా పడిన బిడ్డకు ఆ రక్షణ సాధారణంగా జీవితమంతా ఉంటుంది. బిడ్డకు 9 నెలలు నిండగానే ఒకటి, 16-24 నెలల మధ్య రెండవది తప్పక వేయించండి. అంగన్‌వాడీకి వచ్చే ఏ.ఎన్.ఎం. అమ్మను అడిగితే తేదీ చెబుతారు.

చివరగా, గుర్తుంచుకోవలసినవి

కరోనా పోలేదు, మన మధ్యనే తిరుగుతున్నది. చాలామందికి అది జలుబుగానే వచ్చి పోతుంది. అయినా ముసలివారు, చక్కెర వ్యాధిగ్రస్తులు, గర్భిణీ స్త్రీలు ఉన్న ఇళ్ళలో కాస్త జాగ్రత్త అవసరం.

దగ్గు, పడిశం ఉన్నవారు మంచంపట్టిన పెద్దల దగ్గరికి వెళ్ళేటప్పుడు ముక్కు, నోరు గుడ్డతోనో మాస్కుతోనో కప్పుకోండి. నలుగురు చేరేచోట, ముఖ్యంగా పాటలు పాడేచోట, కిటికీలన్నీ తెరిచి ఉంచండి. జ్వరంతోపాటు ఆయాసం వచ్చినా, మాట తడబడినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా, వేలికి పెట్టి చూసే పరికరంలో ఆక్సిజన్ 94కు తగ్గినా ఆలస్యం చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసికొని వెళ్ళండి. వైరస్ జ్వరానికి యాంటిబయాటిక్ మాత్రలు పనిచేయవు. స్టెరాయిడ్లు డాక్టరు చూసి రాస్తేనే వాడాలి. చక్కెర, బి.పి. మాత్రలు జబ్బు రోజుల్లో కూడా మానకూడదు.

ఈ వ్యాసంలో అర్థం కానివి ఏవైనా ఉంటే ఒక కార్డు ముక్క రాయండి. వచ్చే మాసం వానాకాలపు జ్వరాలను గురించి, డెంగీ వచ్చినప్పుడు రక్తంలో ప్లేట్‌లెట్లు ఎందుకు తగ్గుతాయో, ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు భయపడనక్కరలేదో తెలిసికొందాం.